అమ్మకి మోకాళ్ళు, చేతిలో ఒక్క పూట: మెరీనా ఎలా చూడాలి?

మీ ప్రశ్న చూశానండీ. అమ్మగారి కంటి చెకప్ కోసం నెల్లూరు నుంచి చెన్నై వస్తున్నారు, ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యి ఏడు నెలలే, చేతికర్ర పట్టుకుని నడుస్తారు, పిల్లలిద్దరూ సముద్రం సముద్రం అని ప్రాణం తీస్తున్నారు, మొదటి రోజు చెకప్, రెండో రోజు మధ్యాహ్నం తిరుగు రైలు, మధ్యలో దొరికేది ఒక్క పూట. చెకప్ అయిపోగానే ఆ సాయంత్రం మెరీనాకి పోదామనుకుంటున్నారు, అమ్మని నీళ్ళ దాకా తీసుకెళ్ళగలమా, లేదంటే బెసంట్ నగర్ బీచ్ మేలా అని అడిగారు. నేను 2001 నుంచి ఈ ఊళ్ళోనే ఉంటున్నా, మొదట ట్రిప్లికేన్ మాన్షన్ లో, అంటే బ్యాచిలర్ల లాడ్జిలో, ముగ్గురితో రూము, ఇప్పుడు రాయపేటలో ఇల్లు, పొద్దున నడక మెరీనా మీదే, ఆస్పత్రి పనిమీద వచ్చే మా చుట్టాలందర్నీ బీచ్ కి తిప్పే డ్యూటీ కూడా నాదే. కాబట్టి తెలిసింది చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు సూటిగా: సాయంత్రం వద్దు. రెండో రోజు తెల్లారకముందే బయల్దేరండి. బీచ్ రోడ్డు మీద వివేకానందర్ ఇల్లం అనే పాత బిల్డింగు ఉంది, దాని ఎదురుగా ఇసక మీద చెక్కలతో వేసిన దారి ఉంది, అమ్మని దాని మీద తీసుకెళ్ళండి. పిల్లల్ని మాత్రం మన మైపాడు బీచ్ లో దించినట్టు ఇక్కడ నీళ్ళలోకి దించొద్దు.

ఇప్పుడు ఎందుకో చెప్తా. మెరీనా గురించి మనవాళ్ళు ఊహించుకునేది ఒకటి, ఇక్కడ ఉండేది ఒకటి. వైజాగ్ ఆర్కే బీచ్ చూసినవాళ్ళకి బీచ్ అంటే రోడ్డు, గోడ, మెట్లు, దిగితే నీళ్ళు. మెరీనాలో రోడ్డు దిగి, లోపలి సర్వీస్ రోడ్డు దాటి, ఫుట్ పాత్ దాటి నిలబడితే ఎదురుగా ఇసకే ఇసక, సముద్రం ఎక్కడో గీతలాగా కనపడుద్ది. సగటున 300 మీటర్ల వెడల్పు, బాగా వెడల్పున్న చోట 430 మీటర్లు దాటుద్ది. మామూలు మనుషులకే ఆ మెత్తటి ఇసకలో కాలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి, ఇంక ఆపరేషన్ మోకాలికి సంగతి చెప్పక్కర్లేదు, చేతికర్ర సగం దాకా దిగిపోద్ది. పోవడం ఎట్లాగో పోతారు, అలలు చూసిన హుషారులో. తిరిగి రావడమే కష్టం, అదే దూరం, ఈసారి చీకట్లో, కొంగంతా తడిసి, చిన్నోడు ఎత్తుకోమని ఏడుస్తూ.

మా అమ్మ సంగతే చెప్తా. 2012 మే నెల, నాకు పెద్దగా ఆలోచన లేదు, సాయంత్రం అయిదింటికి ఆటోలో తీసుకెళ్ళి ఇసకలో నడిపించా. సగం దూరం వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది, చుట్టూ చూసింది, సుండల్, అదే గుగ్గిళ్ళు, అమ్ముకునే ఆవిడ బుట్ట పక్కన నీడ కూడా లేని చోట కూలబడి "నేనీడే కూసుంటా, మీరు పొయ్యి సముద్రం చూసిరాండి" అనింది. మేం పోయొచ్చేసరికి ఆ సుండల్ ఆవిడతో కబుర్లు, ఆవిడకి తెలుగు రాదు, మా అమ్మకి అరవం రాదు, అయినా ఇద్దరూ కోడళ్ళ గురించే మాట్లాడుకున్నారని మా ఆవిడ అనుమానం. నవ్వుకున్నాం గానీ సముద్రం చూపిస్తానని తీసుకొచ్చి ఇసక చూపించి పంపినట్టయింది. తర్వాత పదేళ్ళు మళ్ళీ అడగలేదు ఆవిడ.

అసలు ఇంత ఇసక ముందు లేదు తెలుసా, అదీ మనుషుల పనే. ఒకప్పుడు సముద్రం ఇప్పటి రోడ్డుకి దగ్గరగానే ఉండేది. 1870ల్లో ఉత్తరాన హార్బర్ గోడలు సముద్రంలోకి కట్టడం మొదలెట్టారు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి, ఆ గోడ అడ్డం పడేసరికి ఇసక ఇటు పక్క ఆగిపోయింది, ఏటికేడు పేరుకుంటూ ఇంత మైదానం అయింది. గోడకి అటు పక్క రాయపురం, తిరువొత్తియూరు వైపు రావాల్సిన ఇసక రాక సముద్రం నేలని తినేసింది, అందుకే అక్కడంతా పెద్ద పెద్ద రాళ్ళు పోసి ఉంటాయి. ఇక్కడ పెరిగిన ఇసక పక్కన గ్రాంట్ డఫ్ అనే గవర్నరు 1884లో నడవడానికి దారి వేయించి, ఇటలీ వాళ్ళ మాట తీసుకొచ్చి మెరీనా అని పేరు పెట్టాడు.

దీన్లోనే ఇంకో తిరకాసు ఉంది, మీకు పనికొచ్చేది. చెన్నై బీచ్ అని ఒక రైల్వే స్టేషన్ ఉంది. సూళ్ళూరుపేట నుంచి వచ్చే లోకల్ బళ్ళు కొన్ని అక్కడిదాకా పోతాయి. మా మేనమామ 2003లో బీచ్ చూద్దామని తువ్వాళ్ళు, టిఫిన్ క్యారియరు, నలుగురు పిల్లల్ని వేసుకుని ఆ స్టేషన్లో దిగేసి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్, "ఏందిరా అబ్బయా, బీచ్ అని బోర్డు ఉండాది, సముద్రం యాడరా, ఈడ లారీలు దప్ప ఏం లేవే" అని. అది హార్బర్ ఎదురుగా రాజాజీ సాలై, సముద్రం కనపడాలంటే ఓడ ఎక్కాలి. ఆ పేరు ఉత్తినే పెట్టింది కాదులెండి, పాత రోజుల్లో ఆ రోడ్డు పేరు ఫస్ట్ లైన్ బీచ్, అలలు నిజంగానే అక్కడి దాకా వచ్చేవి. హార్బర్ వచ్చాక సముద్రం పోయింది, పేరు మిగిలింది. మీరు మాత్రం టికెట్ తీసేటప్పుడు ఆ పేరు చూసి మోసపోకండి.

సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వైపు పోయే ఎంఆర్టీఎస్ అనే లోకల్ రైలు ఉంది, చేపాక్, తిరువల్లికేణి (అదే ట్రిప్లికేన్), లైట్ హౌస్, ఈ మూడు స్టేషన్లలో ఎక్కడ దిగినా మెరీనాకి నడిచి పోవచ్చు. నాలాంటోడు ఒక్కడే వస్తే అదే చవక. కానీ ఆ స్టేషన్లన్నీ పైన స్తంభాల మీద ఉంటాయి, మెట్లు ఎక్కువ, అన్నిచోట్లా అన్నివేళలా లిఫ్ట్ పనిచేస్తదని నమ్మకం పెట్టుకుని పెద్దావిడని తీసుకురాకూడదు. మీరు ఆటో గానీ క్యాబ్ గానీ మాట్లాడుకోండి. సెంట్రల్ నుంచి అయితే నాలుగైదు కిలోమీటర్లే, తెల్లారుజామున పావుగంట కూడా పట్టదు. ఒక చిన్న కిటుకు: నేపియర్ బ్రిడ్జి మీదుగా, అదే 2022లో చెస్ ఒలింపియాడ్ అప్పుడు చదరంగం గళ్ళ రంగులేసిన బ్రిడ్జి, దాని మీదుగా దక్షిణానికి వస్తే మీ బండి సముద్రం పక్కనే వస్తది, దిగడం నేరుగా బీచ్ వైపే. లైట్ హౌస్ వైపు నుంచి వస్తే బిల్డింగుల వైపు దిగుతారు, కామరాజర్ సాలై దాటాలి, అది ఎంత వెడల్పు రోడ్డో, పొద్దున్నే బళ్ళు ఎంత స్పీడులో వస్తాయో చూస్తే అర్థమవుద్ది, చేతికర్ర మనిషితో ఆ దాటుడు వద్దు. బస లైట్ హౌస్ వైపే ఉంటే డ్రైవర్ని కాస్త ముందుకు పోయి యూటర్న్ తిప్పి దించమనండి, గొణుగుతాడు, పది రూపాయలు ఎక్కువిస్తే ఊరుకుంటాడు. వివేకానందర్ ఇల్లం పాత పేరు ఐస్ హౌస్, కానీ ఆ పేరు చెప్తే ఒక్కోసారి లోపలి పేటలోకి తీసుకుపోతారు, ఆ పేరుతో ఏరియా కూడా ఉంది, అందుకని "వివేకానందర్ ఇల్లం, బీచ్ సైడు" అని చెప్పండి. డ్రైవర్లలో చాలామందికి తెలుగు అర్థమవుద్ది, అరవం రాదని భయపడక్కర్లేదు.

ఇప్పుడు ఆ చెక్క దారి. ముందంతా ఏటా డిసెంబర్లో దివ్యాంగుల దినోత్సవం టైముకి కొన్ని రోజులు తాత్కాలికంగా దారి వేసి తీసేసేవాళ్ళు. మాకు ఏడాదంతా కావాలి, మేం ఏడాదికి ఒక్కసారే సముద్రం చూడాలా అని దివ్యాంగులు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 2022 నవంబర్ 27న పర్మనెంటుది తెరిచారు. 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, ఖర్చు కోటీ 14 లక్షలు. రెండు వారాలు కూడా కాలేదు, డిసెంబర్ 9 రాత్రి మాండూస్ తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది, పొద్దున్నే పోయి చూస్తే నీళ్ళ వైపు కొసన చెక్కలు లేచిపోయి, రెయిలింగు వంకర్లు పోయి ఉంది. కోటి రూపాయలు అలల పాలు అని ఊరంతా జోకులు. తర్వాత బాగుచేశారు, ఇప్పుడు నడుస్తోంది.

అమ్మని మళ్ళీ తీసుకెళ్ళింది ఆ తర్వాతి సంవత్సరం. ఈసారి పొద్దున అయిదున్నరకి. చెక్కల మీద వీల్ చైర్ పోతుంటే ప్రతి పలక సందు దగ్గరా టక్ టక్ మని చిన్న చప్పుడు, రైలు పట్టాల మీద బండి పోయినట్టు. గాలికి కొట్టుకొచ్చిన ఇసక అక్కడక్కడా పలకల మీద పల్చగా పరుచుకుని ఉంటది, అక్కడ చక్రం కాస్త జారినట్టు అయి మళ్ళీ పట్టుకుంటది, తోసేవాళ్ళు ఆ చోట తొందరపడకూడదు. రెండు పక్కలా రెయిలింగు ఉంది కాబట్టి మధ్యలో అమ్మ లేచి నడుస్తానని పట్టుబట్టింది, ఒక చేయి రెయిలింగు మీద, ఒక చేయి నా భుజం మీద వేసి చివరి యాభై అడుగులు నడిచింది. కొసన నిలబడి చూసేంత జాగా ఉంది. అక్కడి నుంచి నీళ్ళకి ఇంకా కొంత ఇసక ఉంటది, అది ముందే చెప్తున్నా, కాళ్ళు తడుపుకునేంత దగ్గరికి చెక్క పోదు. కానీ అల విరిగే చప్పుడు చెవిలో పడుద్ది, తుంపర మొహానికి తగులుద్ది. మా అమ్మ ఒక బాటిల్ ఇచ్చి "ఆ నీళ్ళు కాసిని పట్టుకురా, కాళ్ళ మీద పోసుకుంటా" అనింది. పట్టుకొచ్చి పోశా. మీరూ ఒక ఖాళీ బాటిల్ పెట్టుకోండి, పనికొస్తది.

మీ అమ్మగారు చేతికర్రతో నడుస్తారు కదా వీల్ చైర్ ఎందుకు అంటారేమో, పోనూ రానూ అర కిలోమీటరు పైన అవుద్ది, మధ్యలో కూర్చోవాలనిపిస్తే కుర్చీ ఉండాలి. అక్కడ దొరుకుద్దిలే అని రాకండి, మీ లాడ్జిలో గానీ, ఆస్పత్రుల చుట్టుపక్కల మెడికల్ సామాను అద్దెకిచ్చే షాపుల్లో గానీ మడతపెట్టే వీల్ చైర్ ఒకరోజుకి తీసుకోండి, ఆటో వెనకాల పట్టుద్ది. ఇంకో మాట, ఈ దారి వీల్ చైర్ వాళ్ళకీ, పెద్దవాళ్ళకీ వేసింది. సాయంత్రాలు చూడాలి, సెల్ఫీలు దిగేవాళ్ళు, రెయిలింగు మీదెక్కి కూర్చునే కుర్రాళ్ళు, అసలు వాళ్ళకి దారి ఉండదు. కాస్త జరగండి బాబూ అని ఒకసారి నేనంటే ఒకడు నన్ను ఎగాదిగా చూశాడు, వాడు తెలుగువాడే, సిగ్గేసింది. పొద్దున పూట వెళ్ళమనడానికి అదో కారణం.

అసలు కారణం ఇంకోటుంది. కంటి చెకప్ అంటే చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తారు, కొన్ని గంటల దాకా మసక మసగ్గా ఉంటది, వెలుతురు చూడలేరు. ఆ కళ్ళతో ఇసకలో ఎగుడుదిగుళ్ళు కనపడవు, గాలికి ఇసక రేణువులు కొడుతుంటాయి, పైగా జనం. ఆ సాయంత్రం ఆవిడ్ని రూములో పడుకోబెట్టండి. చెకప్ లో ఇంజెక్షన్ లాంటిదో చిన్న ప్రొసీజరో చేస్తే గాలి దుమ్ములోకి వెళ్ళొచ్చా లేదా అని డాక్టర్నే అడగండి, నన్ను కాదు.

టైము సంగతి. జనవరిలో అయితే సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, మే జూన్ లో అయిదూ ముప్పావుకే. అరగంట ముందే చేరండి, ఆ అరగంటే చూడాల్సింది, ఆకాశం ముందు బూడిదరంగులో ఉండి మెల్లగా చివర ఒక గీత ఎర్రబడుద్ది, ఆ ఎరుపులో చేపల పడవలు నల్లగా చీమల్లాగా కనపడతాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చే ఫ్రెండ్స్ సన్ సెట్ ఎన్నింటికి అంటారు, ఇది తూర్పు తీరం నాయనా, సూర్యుడు మీ వీపు వెనకాల యూనివర్సిటీ బిల్డింగుల మీద మునుగుతాడు అని చెప్పి చెప్పి విసుగొచ్చింది. సాయంత్రమే రావాల్సి వస్తే పున్నమి చూసుకుని రండి, అప్పుడు చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు, అది నిజంగా బాగుంటది.

ఎండాకాలం అయితే ఇంకో సంగతి, మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి మళ్ళిందా ఊరు బతికినట్టు, మళ్ళకపోతే ఆ రోజు 40 దాటుద్ది, అయిదింటికి కూడా ఇసక పెనంలా ఉంటది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, అల్పపీడనం వార్త వింటే బీచ్ ప్లాన్ మానుకోండి, అలలు పెద్దగా ఉంటే పోలీసులు కూడా రానివ్వరు.

నీళ్ళ గురించి కాస్త గట్టిగానే చెప్తా, పిల్లలున్నారు కాబట్టి. మెరీనాలో స్నానానికి పర్మిషన్ లేదు, బోర్డులుంటాయి, లైఫ్ గార్డులుంటారు, గుర్రాల మీద పోలీసులు తిరుగుతుంటారు, అయినా ప్రతి ఏడూ మునిగిపోయినవాళ్ళ వార్తలు చదువుతూనే ఉంటాం, ఎక్కువగా బయటి ఊళ్ళ నుంచి గుంపుగా వచ్చిన కుర్రాళ్ళే. ఇక్కడ నేల మెల్లగా లోతవదు, మోకాలి దాకా నీళ్ళు అనుకుని ఇంకో రెండడుగులు వేస్తే ఛాతీ దాకా వచ్చేస్తది. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసకని కోసుకుంటూ పోద్ది, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కుంగిపోతాడు, అదే టైములో ఇంకో అల మీద పడితే పెద్దోళ్ళే పడిపోతారు. లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఉంటాయి, పైకి చూస్తే ఏం తెలీదు, ఆ చోట అలలు విరక్కుండా నీళ్ళు ప్రశాంతంగా కనపడతాయి, మనవాళ్ళు ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒకవేళ ఎవరైనా చిక్కితే ఒడ్డుకి ఎదురు ఈదకూడదు, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదాలి, కానీ ఇది ఈత వచ్చినవాళ్ళ మాట. పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ బాబు అన్నారు, తడి ఇసక దాకా పోయి పాదాలు తడిపించి, చెయ్యి వదలకుండా వెనక్కి. ఫోన్లో వీడియో తీస్తూ ఒంటిచేత్తో పట్టుకోవడం కాదు. ఒకరు పిల్లలకి, ఒకరు అమ్మకి, వీడియో ఎవరూ తియ్యకపోయినా పర్లేదు.

సముద్రం అంటే నాకు కొంచెం భయమే, ఒప్పుకుంటా. 2004 డిసెంబర్ 26 ఆదివారం, ఇంకా మాన్షన్ రోజులు, ఆదివారం పొద్దున బీచ్ లో క్రికెట్ మా అలవాటు, ఆ రోజు నిద్ర లేవడం ఆలస్యమై పోలేదు. ఆ సునామీ అలలో ఈ ఇసకంతా నీళ్ళు అయ్యాయి. వాకింగుకి వెళ్ళినవాళ్ళు, ఆడుకునే పిల్లలు, కుప్పాల్లో, అంటే ఒడ్డున పల్లెల్లో, చేపలోళ్ళు. దాని గురించి ఇంతకంటే రాయను.

తిండి. పొద్దున పూట బజ్జీ బళ్ళు తెరవరు, అది ఒక్కటే పొద్దున వెళ్ళేదాంట్లో నష్టం. సాయంత్రం అయితే తేంగా మాంగా పట్టాణి సుండల్ తినకుండా రాకూడదు, అంటే ఎండు బఠాణీ ఉడకబెట్టి పోపేసిన గుగ్గిళ్ళే, మన గుళ్ళో పెట్టేలాంటివే, కాకపోతే పచ్చి మామిడి సన్నగా తరిగి, కొబ్బరి ముక్కలు వేస్తారు. అమ్మే కుర్రాడు అల్యూమినియం డబ్బాలోంచి గరిటెతో తీసి కాగితం పొట్లంలో పోస్తాడు, పోసేటప్పుడు ఆవిరి వస్తుంటే తీసుకోండి, ఆవిరి లేకపోతే వద్దు. మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ కూడా ఉంటాయి, మన బజ్జీ అంత కారం ఉండదు, గుంటూరు వాళ్ళైతే నవ్వుతారు. చేపలు ఎర్రగా మసాలా పట్టించి వరసగా పేర్చి ఉంటాయి, చూస్తే నోరూరుద్ది, ఒకటే రూలు, "ఎవ్వళవు" అని రేటు ముందే అడిగి, నూనెలో వేసే ముందే ఒప్పుకోండి. గుర్రం సవారీకీ అదే రూలు. పిల్లాడ్ని ఎక్కించేసి తర్వాత రేటు అడిగి గొడవపడ్డ బాపతు నేను, వాడు చెప్పింది ఇచ్చి దిగొచ్చా.

పొద్దున వెళ్తారు కాబట్టి టిఫిన్ కి ట్రిప్లికేన్ లోపలికి రండి. రత్నా కేఫ్ 1948 నుంచి ఉంది, ఇడ్లీ ప్లేట్లో పెట్టి పైన సాంబారు జగ్గుతో పోస్తారు, ఇడ్లీ మునిగేదాకా, అయిపోతే మళ్ళీ పోస్తారు. సాంబారు కాస్త తియ్యగా ఉంటది, మా నాన్న అయితే "ఇది సాంబారా పాయసమా" అన్నాడు, పిల్లలకి మాత్రం నచ్చుద్ది. అక్కడికి దగ్గర్లోనే పార్థసారథి స్వామి గుడి, పల్లవుల నాటిది, మూలవిరాట్టుకి మీసాలుంటాయి, ఉత్సవమూర్తి మొహం మీద మచ్చలు భీష్ముడు వేసిన బాణాల గుర్తులని చెప్తారు. పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆవిడకి సముద్రం కంటే ఇదే ఎక్కువ తృప్తి ఇవ్వచ్చు, నేను చూసినంతలో మా చుట్టాల్లో అందరు పెద్దవాళ్ళదీ అదే తంతు. మధ్యాహ్నం మూసేస్తారు, టిఫిన్ అవగానే వెళ్ళండి.

ఇంకా టైము మిగిలితే లైట్ హౌస్. లిఫ్ట్ ఉన్న లైట్ హౌస్ కాబట్టి అమ్మగారు కూడా పైకి రాగలరు, పైనుంచి చూస్తే ఇందాక నేను చెప్పిన ఇసక వెడల్పు ఎంతో ఒక్క చూపులో అర్థమవుద్ది, ఒక పక్క ఊరు, ఒక పక్క నీలం. చాలా ఏళ్ళు జనాన్ని రానివ్వలేదు, 2013 నవంబర్ లో మళ్ళీ తెరిచారు. పొద్దున పది ప్రాంతంలో తీస్తారు, మధ్యాహ్నం కాసేపు మూస్తారు, సోమవారం సెలవు. మీ రెండో రోజు సోమవారం అయితే దీన్ని మర్చిపోండి.

రోడ్డు పక్కన బొమ్మల గురించి పిల్లలు అడుగుతారు, మన ట్యాంక్ బండ్ మీద లాగానే ఇక్కడా వరసగా ఉంటాయి, తిరువళ్ళువర్, అవ్వైయార్, భారతియార్, చాలావరకు 1968 ప్రపంచ తమిళ మహాసభలప్పుడు పెట్టినవి. నాకు వాటన్నిట్లో నచ్చేది వేరే, అన్నా స్క్వేర్ వైపు నలుగురు కూలీలు ఒక పెద్ద బండరాయిని కదిలిస్తుంటారు చూడండి, దేవీప్రసాద్ రాయ్ చౌధురీ చేసింది, 1959లో పెట్టారు. ఆ వీపుల్లో కండరాలు చూస్తే రాయి నిజంగా కదులుతోందేమో అనిపిస్తది, బండి ఒక్క నిమిషం ఆపించి పిల్లలకి చూపించండి. వివేకానందర్ ఇల్లం అన్నానే, అది 1842లో ఐసు దాచడానికి కట్టిన బిల్డింగు, అమెరికాలో చలికాలం గడ్డకట్టిన చెరువుల్లో ఐసు కోసి ఓడలో ఇక్కడికి తెచ్చి అమ్మేవాళ్ళు. 1897లో వివేకానందుడు కొన్ని రోజులు అందులో ఉన్నాడు, అందుకా పేరు. అమెరికా నుంచి ఐసు ఓడలో వచ్చిందంటే మీ అమ్మాయి నమ్మదు, మా అమ్మాయి కూడా నమ్మలేదు. ఆ వరసలోనే ప్రెసిడెన్సీ కాలేజీ, మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పాఠాలు చెప్పిన చోటు, ఆయన పేరు పెట్టిన రోడ్డే గాంధీ బొమ్మ ఎదురుగా వచ్చి బీచ్ లో కలుస్తది. సమాధుల దగ్గర, అంటే అన్నాదురై, ఎంజీఆర్, జయలలిత, కరుణానిధి, అటు వైపు ఎప్పుడూ జనమే, అమ్మగారితో అయితే బండిలోంచి దణ్ణం పెట్టుకుని వచ్చేయండి.

బెసంట్ నగర్ సంగతి. కుర్రాళ్ళు బెసీ అంటారు, అసలు పేరు ఎలియట్స్ బీచ్. మెరీనా కంటే చిన్నది, ఇసక తక్కువ, ఎదురుగానే హోటళ్ళు, కాఫీ షాపులు, దగ్గర్లో అష్టలక్ష్మి గుడి, వేళాంకణ్ణి చర్చి. ఇసకలో తెల్లగా ఒక గోడలాంటి కట్టడం ఉంటది, 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి చనిపోయిన కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ అతని గుర్తుగా కట్టింది, అంటే అక్కడి నీళ్ళు కూడా నమ్మడానికి లేదనే. మీ బస అడయార్, తిరువాన్మియూర్ వైపు ఉంటే అక్కడికే పోండి, కష్టపడి మెరీనాకి రావక్కర్లేదు. సెంట్రల్, ఎగ్మూర్, నుంగంబాక్కం వైపు ఉంటే మాత్రం మెరీనానే, పిల్లలు రేపు స్కూల్లో చెప్పుకునేది కూడా ఆ పేరే కదా.

రాకూడని రోజులు రెండు మూడు గుర్తుపెట్టుకోండి. కాణుం పొంగల్, మన కనుమ తర్వాతి రోజు పడుద్ది, లక్షల్లో జనం, పిల్లలు తప్పిపోకుండా పోలీసులు చేతికి ఫోన్ నెంబరు రాసిన పట్టీ కడతారు. జనవరి 26 ముందు వారం రిహార్సల్స్ కి పొద్దున పూటే రోడ్డు మూసేస్తారు. పెద్ద ఈవెంట్ ఏదైనా ఉందని తెలిస్తే అసలు ఇటు రావద్దు, 2024 అక్టోబర్ 6న ఎయిర్ షోకి జనం ఎంత విరగబడ్డారంటే ఎండలో అయిదుగురు చనిపోయారు, నేను ఆ రోజు ఇంటికి రెండు కిలోమీటర్లు నడిచి రావడానికి గంటన్నర పట్టింది. గాంధీ బొమ్మ, లైట్ హౌస్ వైపు మెట్రో పని వల్ల అడ్డంగా బారికేడ్లు పెట్టారు, దారి మారుతుంటది, డ్రైవర్ ఎటో తిప్పుతున్నాడని అనుమానపడకండి.

టాయిలెట్లు ఉన్నాయి గానీ ఒక్కోటి ఒక్కోలా ఉంటది, పెద్దావిడని రూములోనే పని ముగించుకుని రమ్మనండి. మంచినీళ్ళు, ఒక టోపీ, పిల్లలకి మారు బట్టలు. అద్దె వీల్ చైర్ తీసుకుంటే తిరిగిచ్చే ముందు చక్రాలు, ఇరుసులు మంచినీళ్ళతో కడిగి గుడ్డతో తుడవండి, ఇసక ఇరుసులో చేరితే కిర్రుమంటది, ఉప్పుకి తుప్పు పడుద్ది, షాపువాడు డిపాజిట్లో కోసుకుంటాడు, నాకు కోశాడు. మీరు వచ్చే తేదీ, బస ఎక్కడో రాస్తే ఏ వైపు నుంచి రావాలో కచ్చితంగా చెప్తా.